నెయ్యి పూసిన కమాను పట్టీలు

మహాదేవప్ప సోమవారం నాడు కారు బయటికి తీసేవాడు కాదు. సోమవారం ఎద్దు మెడ మీద కాడి పెట్టకూడదన్నది వాళ్ల ఇంట్లో తాతల నాటి నియమం. ఎద్దంటే బసవన్న, సోమవారం ఆయనకు సెలవు. మరి ఎద్దుకూ కారుకూ ఏం సంబంధమని అడిగితే, "రెండూ బండినే గుంజుతయి గదా" అనేవాడు. ఈ జవాబులో తప్పు పట్టడం అనుకున్నంత సులువు కాదు. జహీరాబాద్‌లో చాలామంది ప్రయత్నించి టీ తాగి లేచిపోయారు.

ఆయన సొంతూరు న్యాల్‌కల్ దగ్గరి పల్లె, కాపురం జహీరాబాద్ అంచున. చెరుకూ అల్లమూ పండే భూమి, ఊళ్లో పటేల్ అన్న పిలుపు, జహీరాబాద్ గంజ్‌లో బెల్లం దుకాణం తండ్రి ఇచ్చి పోయినవి. కారు మాత్రం స్వార్జితం. డెబ్బై ఆరులో హైదరాబాదులో ఒక రిటైరైన ఇంజనీరు దగ్గర కొన్న పాత అంబాసిడర్ అది, మీగడ రంగుది. ఇంజనీరు దాన్ని కారులాగా వాడాడు. మహాదేవప్ప ఎడ్లబండిలాగా వాడాడు. వెనక డిక్కీలో బెల్లం ముద్దలు, వెనక సీటులో అల్లం బస్తాలు, బస్తాల మీద ఎవరో ఒక చుట్టం. ఎండవేళ ఎక్కడికైనా పోతే దారిలో వేపచెట్టు కింద ఆపి, బానెట్ ఎత్తి, ఒక అరగంట దానికి గాలి తగలనిచ్చేవాడు. ఏరువాక పున్నమికి ఎడ్ల కొమ్ములకు వేయగా మిగిలిన రంగు కారు దీపాల చుట్టూ పడేది.

ఇంత మర్యాద జరిగినా కారు నడుము నిలవలేదు. ఎనభై మూడు వచ్చేసరికి అది ఖాళీగా నిలబడినప్పుడు కూడా ఎడమ వెనక చక్రం మీదికి కూలబడి, ఒక కాలు ముడుచుకుని నెమరేస్తున్న బర్రెలా కనిపించేది. మహాదేవప్ప దాన్ని లోపం అనుకోలేదు. వయసు అనుకున్నాడు. అప్పగారి నడుము పట్టేయకపోతే అలాగే ఇంకో పదేళ్లు నడిచేది.

అప్పగారంటే బీదరు అవతల ఒక చిన్న మఠానికి స్వామి. ఏటా కార్తీకంలో ఇటు వస్తారు. హైవే మీద చిరాగ్‌పల్లి దాకా భక్తులు ఎదురు వెళ్లి, మఠం బండిలోంచి దించి, జహీరాబాద్ బండిలో ఎక్కించుకుంటారు. ఎవరి బండిలో ఊళ్లోకి వస్తే ఆ ఏడాది తొలి పాదపూజ ఆ ఇంట్లో. ఇది ఏ గ్రంథంలో ఉందో ఎవరికీ తెలియదు. గ్రంథంలో ఉన్నవాటిని మనవాళ్లు వీలునుబట్టి పాటిస్తారు, లేనివాటిని మాత్రం ప్రాణం పోయినా తప్పరు. పైగా తొలి పాదపూజ చేసినవాడే ఆ ఏడంతా సమాజంలో పెద్ద. అన్నదమ్ముల పంపకాలూ పెళ్లి మాటలూ అతని అరుగు మీదే జరుగుతాయి. కొన్నేళ్లుగా ఆ అరుగు మహాదేవప్ప చిన్నాన్న కొడుకు బసవరాజ్‌ది. ఎందుకంటే జీపు బసవరాజ్‌ది. మహాదేవప్ప ఏటా తమ్ముడి ఇంటి ముందు కొబ్బరికాయ పట్టుకుని వరుసలో నిలబడేవాడు. తమ్ముడి భార్య "బావగారు, జర ఎన్కకు జరుగున్రి, అప్పగారికి గాలాడతలేదు" అనేది. ఆ మాట ఆయన్ని ఎనిమిది కార్తీకాలుగా తింటోంది.

ఆ ఏడు మఠం నుంచి కబురొచ్చింది. జీపు కుదుపులకు అప్పగారి నడుము పట్టిందనీ, వీలైతే కారు చూడమనీ. ఊళ్లో మన సమాజంలో కారున్నది ఒక్కడికే. మహాదేవప్ప ఆ రోజు దుకాణానికి వచ్చినవాళ్లందరికీ బెల్లం ముక్క చేతిలో పెట్టాడు. సాయంత్రం ఇంటికెళ్లి కారును చుట్టూ తిరిగి చూశాడు. మొదటిసారి అది వంకరగా ఉన్నట్టు కనిపించింది.

మర్నాడు దాన్ని హైవే పక్కన రామచందర్ లారీ షెడ్డుకు తీసుకెళ్లాడు. రామచందర్ కిందికి దూరి, బరువు మోస్తూ కుదుపు మింగే ఉక్కుపట్టీల కట్టను తట్టి చూసి, బయటికొచ్చి చెప్పాడు.

"ఎడమ దిక్కు కమాను పట్టీలల్ల ఒకటి ఇరిగింది పటేలా. కట్ట మొత్తం దించి, పట్టీ మార్చి, గ్రీజు పెట్టి బిగిస్త. ఇడిశిపెట్టి పో."

వదిలిపెట్టి పోతే ఈ కథ ఇక్కడే అయిపోయేది. కానీ రామచందర్ ఆ మాట అంటూనే ఒక డబ్బాలో రెండు వేళ్లు ముంచి, పసుపుపచ్చగా నిగనిగలాడే ముద్ద ఒకటి తీసి పక్కనున్న లారీకి పూశాడు. మహాదేవప్ప కళ్లు ఆ ముద్ద మీద ఆగాయి.

అది వనస్పతిలో జంతువుల కొవ్వు కలుస్తోందని పేపర్లన్నీ గగ్గోలు పెడుతున్న ఏడాది. ఇళ్లలో డబ్బాలకు డబ్బాలు పెరట్లో పారబోశారు. సబ్బును అనుమానించారు, కొవ్వొత్తిని అనుమానించారు. మహాదేవప్ప ఇల్లు ఉల్లిపాయను కూడా వారానికి మూడు రోజులు గడప దాటనివ్వని ఇల్లు.

"రామచందర్, గా గ్రీజు దేంతోని చేస్తరు?"

"నాకేమెర్క పటేలా. డబ్బల వస్తది."

"డబ్బలకు ఏడికెళ్లి వస్తది?"

రామచందర్‌ను ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. బేరం జారిపోతోందని మాత్రం అర్థమైంది. "మన గ్రీజు పక్కా శాకాహారం. నీ మీద ఒట్టు. కావాలంటె నాకి సూపిస్త" అన్నాడు. ఆ ఒట్టే కొంప ముంచింది. ఆదివారం ఆదివారం యాటపోతు కోసుకునే మనిషి నాకి చూపిస్తే గ్రీజు శాకాహారమని తేలుతుందా, మాంసాహారమని తేలుతుందా? అప్పగారి ఆసనం కింద కొవ్వు! మహాదేవప్ప కారెక్కి, వచ్చిన వంకరతోనే ఇంటికి తిరిగొచ్చాడు. కమాను ఇంట్లోనే, తన చేత్తోనే బాగుచేస్తానని ప్రకటించాడు. ప్రకటనలో స్వయంకృషి, శుచి, పూర్వుల ఆచారం అన్న మాటలు కూడా దొర్లాయి. మనిషి తెలియని పనికి దిగేటప్పుడు పెద్ద మాటలు తోడు తెచ్చుకుంటాడు.

ఇంట్లో ఆ సమయానికి బావమరిది శివకుమార్ ఉన్నాడు. హైదరాబాదులో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాడు. దీపావళికి అక్క ఇంటికి వచ్చి, ఇంకా తిరిగి వెళ్లని నేరానికి ఇందులో చిక్కుకున్నాడు. విషయం విని నవ్వాడు.

"బావా, గ్రీజు సంగతి ఇడిశిపెట్టు. పెట్రోలు సంగతేంది? కోట్ల ఏండ్ల కింద సముద్రంల సచ్చిన జీవాలు కుళ్లి అయిన నూనె అది. నీ కారు పుట్టినప్పటికెళ్లి పీనుగులే తాగుతున్నది."

మహాదేవప్ప మంచం మీద కూలబడ్డాడు. తర్వాత అడిగాడు.

"ఇంజన్ల పెట్రోలు ఏమైతది?"

"కాలుతది."

"కాలుతది గదా! నిప్పుకు మైల లేదు. మరి గ్రీజు కాలుతదా?"

"కాలదు."

"అట్లనే కూసుంటది. అప్పగారి కిందనే కూసుంటది. పట్టు, జాకీ అందుకో."

శివకుమార్ ఎమ్మెస్సీ ఫస్టు క్లాసు. ఈ ప్రశ్న ఏ పేపర్లోనూ రాలేదు. జాకీ అందుకున్నాడు.

జాకీ పెట్టి తిప్పితే కారు లేవలేదు. జాకీ నేలలోకి దిగింది. పేడతో అలికిన వాకిలి, కింద నల్లమట్టి. ఇంకా తిప్పారు. ఇంకా దిగింది. మహాదేవప్ప వంటింటి వెనక నుంచి ఇసుర్రాయి దొర్లించుకొచ్చి జాకీ కింద పెట్టాడు. ఆయన భార్య శరణమ్మ గడపలోకి వచ్చి నిలబడింది. ఆమె భర్తతో నేరుగా మాట్లాడదు, ముఖ్యంగా కోపంలో. తమ్ముడి మీదుగా పంపిస్తుంది.

"తమ్మీ, మీ బావను అడుగు. రేపు పిండి నేను కారు కింద పండుకొని ఇసరాల్నా?"

"మీ అక్కకు చెప్పు, అప్పగారి సేవ అని."

"సేవ చేసేటోల్లు సొంత నడుము మీద చెయ్యాలె, నా ఇసుర్రాయి మీద గాదని చెప్పు."

ఇంజనీరు కారుతోపాటు ఇచ్చిన ఇంగ్లీషు పుస్తకం ఒకటుంది. శివకుమార్ స్టూలు మీద కూర్చుని చదివి చెప్పడం, మహాదేవప్ప పడుకుని చేయడం అని పని పంచుకున్నారు. ఆ పుస్తకం రాసినవాడు విప్పడానికి ఒక పేజీ ఇచ్చాడు. బిగించడానికి ఒక్క వాక్యం: విప్పిన వరుసను తిరగవేయవలెను. మోక్షం గురించి కూడా పెద్దలు ఇంత తేలిగ్గానే చెప్పి వెళ్లిపోయారు.

విప్పడమే మొదటి రోజంతా పట్టింది. ఇరుసును కమానుకు కట్టి ఉంచే బోల్టులు ఏడేళ్ల బెల్లపు పాకమూ తుప్పూ కలిసి రాయి అయిపోయాయి. పానా వేసి తొక్కితే నట్టు తిరగలేదు, పానా జారి మహాదేవప్ప వేళ్ల చర్మం లేచింది. కిరసనాయిలు పోశారు. సుత్తితో కొట్టారు. "కుడికి తిప్పుమన్నదా ఎడమకు తిప్పుమన్నదా, సక్కగ చదువు!" అని కింద నుంచి కేక. "కుడి ఎడమ లేదు బావా, 'తగు జాగ్రత్తతో' అని ఉన్నది" అని పై నుంచి జవాబు. చివరికి కట్ట కిందికి వచ్చింది. దాని నడుమ ఉన్న బోల్టు విప్పగానే, ఇన్నేళ్లు ఒకదాన్నొకటి అదిమిపెట్టుకున్న పట్టీలు ఒక్కసారి విడిపోయి, అందులో ఒకటి ఎగిరి నీళ్ల గోలెం పగలగొట్టింది.

"తమ్మీ," గడపలోంచి గొంతు వినిపించింది, "ఇయ్యాల్టికెళ్లి నీళ్లు గూడ లారీ షెడ్డు కాడ తాగుదామా, అడుగు."

విరిగిన పట్టీ బదులు కొత్తది కావాలి. అది దొరికేది రామచందర్ దగ్గర, గ్రీజు చేతుల్లో. కాబట్టి అక్కరలేదు. మహాదేవప్ప పశువుల కొట్టంలో మూలన పడి ఉన్న పాత ఎడ్లబండి చక్రం తెచ్చాడు. దాని చుట్టూ ఇనుప పట్టా ఉంటుంది కదా, దాన్ని ఊడదీసి, కమ్మరి దగ్గర పట్టీ పొడవుకు కోయించాడు. కమ్మరి అడిగినంత కోశాడు, అడగనిది చెప్పలేదు. ఆశ్చర్యమేమిటంటే, చక్రం ముక్క గనుక దానికి వంపు ముందే ఉంది. పక్క పట్టీ మీద పెడితే అచ్చంగా కూర్చుంది.

"సూసినవా! దేవుడే వంచి పెట్టిండు," అన్నాడు మహాదేవప్ప.

అచ్చంగా కూర్చోవడం వేరు, లేవడం వేరు. కమాను ఉక్కు వంచితే అలిగి మళ్లీ లేస్తుంది. బండి చక్రం ఇనుము వంచితే వంగినట్టే ఉంటుంది. కారుకు కావలసింది మొదటి గుణం, భక్తుడికి కావలసింది రెండోది. మహాదేవప్ప భక్తుణ్ణి తీసుకెళ్లి కారులో బిగించాడు.

ఇక పట్టీల మధ్య పూయడానికి గ్రీజు లేదు. ఆముదం పూద్దామంటే జారిపోతుంది. పేరుకుని నిలిచేది, నూటికి నూరుపాళ్లు శాకాహారమని తెలిసినది ఇంట్లో ఒక్కటే ఉంది. శరణమ్మ అప్పగారి పోలెల కోసం, అంటే బొబ్బట్ల కోసం, రెండు నెలలుగా వెన్న కాచి దాచిన నెయ్యి. భార్య వాగొడ్డుకు బట్టలు తీసుకెళ్లిన సమయం చూసి మహాదేవప్ప కుండ దించాడు.

"బావా, అక్క సంపుతది," అన్నాడు శివకుమార్.

"అప్పగారి కడుపులకు పోయేది, అప్పగారి కిందికి పోతున్నది. ఎటు పోయినా అప్పగారికే గదా."

పట్టీ పట్టీకీ దట్టంగా నెయ్యి పూసి, పైన విభూతి చల్లి, పుస్తకం చెప్పినట్టు వరుస తిరగేసి బిగించారు. రెండు వాషర్లు మిగిలాయి. కారు చేసినవాళ్లు ఎక్కువ వేసి ఉంటారని సమాధానపడ్డారు.

తెల్లవారి చూస్తే వీధిలోని కుక్కలన్నీ కారు కింద ఉన్నాయి. కొన్ని పడుకుని నాకుతున్నాయి, కొన్ని తమ వంతు కోసం కూర్చున్నాయి. అప్పగారి పాదపూజకు కూడా అంత క్రమంగా వరుస కట్టడం ఊళ్లో ఎవరూ చూడలేదు. మహాదేవప్ప కర్ర తీసుకుని తరిమితే అవి పెదవులు నాకుతూ అవతలి గట్టు మీద నిలబడి చూశాయి. ఆ గోలకు శరణమ్మ బయటికొచ్చింది. కుక్కల్ని చూసింది, కమాన్లని చూసింది, గాలి వాసన పీల్చింది, లోపలికి వెళ్లి కుండ మూత తీసింది. ఈసారి తమ్ముడి అవసరం పడలేదు.

"నెయ్యి కారుకు పెట్టినవ్. మరి అప్పగారికి ఏం పెట్టుమంటవ్, పెట్రోలా?"

పాతికేళ్ల సంసారంలో ఆమె నేరుగా అన్న మాటలు తక్కువ. మహాదేవప్ప కర్ర పక్కన పెట్టాడు. కుక్కల్ని ఆపడానికి కారు వెనక చక్రాల చుట్టూ ముళ్లకంప పేర్చాడు.

తర్వాత పరీక్ష. కిందటేడు బసవరాజ్ ఇంట్లో అప్పగారికి బెల్లంతో తులాభారం జరిగింది. ఆ బెల్లం మహాదేవప్ప దుకాణం నుంచే వెళ్లింది గనుక ఎన్ని ముద్దలకు అప్పగారి తక్కెడ లేచిందో ఆయనకు తెలుసు. అన్ని ముద్దలూ తెచ్చి వెనక సీటులో పేర్చాడు. కారు కిర్రుమని దిగి, విరక్కుండా నిలబడింది. మహాదేవప్ప చేతులు జోడించాడు. ముద్దలన్నీ దించారు. కారు దిగినచోటే ఉంది.

"బావా, లేస్తలేదు."

"లేవద్దు. కమాను లేస్తెనే గదా అప్పగారి నడుము లేసేది. ఇప్పుడు కుదుపే ఉండది."

కుదుపుని అణచడానికే కమాను పుట్టిందనీ, కదలని కమాను కమాను కాదనీ శివకుమార్ చెప్పబోయాడు. కానీ మళ్లీ నిప్పూ మైలా వస్తాయేమోనని ఊరుకున్నాడు.

అనుకున్న రోజు చిరాగ్‌పల్లి దగ్గర డప్పులు, పూలదండలు, పందిరి వేయగా మిగిలిన వెదుళ్లు మోసుకొచ్చిన గంజ్ హమాలీలు, అందరి వెనక బసవరాజ్ జీపు. పిలవకపోయినా తెచ్చాడు. అప్పగారు మఠం బండి దిగి అంబాసిడర్ ఎక్కారు. ఆయన వెంట ఇద్దరు శిష్యులూ ఎక్కారు. వెంట పూజ పెట్టె కూడా ఎక్కింది. బెల్లం లెక్కలో శిష్యులు లేరు. కారు తోక నేలకు వంగి, ముక్కు ఆకాశం చూసింది. డ్రైవింగు సీటులోంచి మహాదేవప్పకు రోడ్డు కన్నా మబ్బులే బాగా కనిపించాయి. వెనక చక్రం మడ్‌గార్డును రాసుకుంటూ గరగరమంది.

"ఏందది సప్పుడు?" అన్నాడు ఒక శిష్యుడు.

"కొత్త కమానయ్యా. జర పాతవడాలె."

పాతబడే అవకాశం దానికి రాలేదు. ఊరి మొదట్లో రైలు గేటు. పట్టాలు దాటి అవతలికి దిగుతుండగా కింద ఫట్టుమంది. కట్ట నడిమి బోల్టు తెగి ఇరుసు వెనక్కి జరిగింది, ఎడమ చక్రం మడ్‌గార్డులో ఇరుక్కుంది. కారు రోడ్డు పక్కన వాలి నిలిచిపోయింది. మహాదేవప్ప దిగి చూశాడు. ఇల్లు రెండు ఫర్లాంగుల దూరంలో ఉంది. అరుగు అంతకన్నా దగ్గర్లో ఉండింది ఒక్క నిమిషం కింద.

జీపూ, దాని వెనకే డప్పులవాళ్లూ హమాలీలూ ఎక్కిన లారీ వచ్చి పక్కనే ఆగాయి. బసవరాజ్ నెమ్మదిగా దిగాడు.

"అన్నా, ఫికర్ చెయ్యకు. అప్పగారిని నా జీపుల కూసోబెట్టు. ఇట్ల పోయి అట్ల ఇంట్ల దింపుత."

ఎవరింట్లో దింపుతాడో చెప్పలేదు. చెప్పక్కర్లేదు.

"అన్ని బెల్లం ముద్దలు మోసింది గదరా కారు!" అన్నాడు మహాదేవప్ప, ఎవరితోనో.

"నిరుడు మా ఇంట్ల బెల్లమా? తక్కువ పడుతున్నదని అప్పగారే ఒక కాలు నేలకు ఆనిచ్చిన్రు అన్నా, మా ఇజ్జత్ పోవద్దని. అంత దయ ఆయనది. నీకెర్క లేదా?"

అప్పగారు ఈ దయ గురించి వినపడనట్టు కళ్లు మూసుకుని ఉన్నారు. తర్వాత కళ్లు తెరిచి జీపును చూసి, చెయ్యి నడుము మీద వేసుకున్నారు. ఆ చెయ్యిని మహాదేవప్ప చూశాడు. ఒక్క అంగలో వెళ్లి కారు తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"పాదపూజ గాకముందు అప్పగారి కాలు నడిరోడ్డు మీద పెట్టిస్తవా బసవరాజ్? ఏం మాటలాడుతున్నవ్? జనం ఏమంటరు?"

జనం అప్పటిదాకా ఏమీ అనలేదు. అడిగాక అవునన్నారు. ఇలాంటి నియమం ఉందో లేదో ఎవరికీ తెలియదు. తెలియకపోవడం వల్లే కాదనడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. చిరాగ్‌పల్లిలో అప్పగారు రోడ్డు మీదే కాలుపెట్టి కారు మారిన సంగతి బసవరాజ్ గుర్తుచేయబోయాడు. కానీ అప్పటికే డప్పు మొదలైంది.

వెదుళ్లు రెండు కారు వెనక కిందుగా దూర్చి మోకులతో కట్టారు. గంజ్ హమాలీలు అటు ఆరుగురు, ఇటు ఆరుగురు భుజాలు పెట్టారు. మహాదేవప్ప స్టీరింగు పట్టుకుని లోపల కూర్చున్నాడు, శివకుమార్ ముందు మోకు పట్టుకున్నాడు. వెనక సగం మనుషుల మీద, ముందు సగం చక్రాల మీద, అప్పగారు నడుమ. శిష్యులు దిగుదామనుకున్నారు గానీ, తమ కాళ్లకు కూడా నియమం వర్తిస్తుందేమోనని కూర్చుండిపోయారు. కారు రెండు ఫర్లాంగులూ వచ్చింది. హమాలీల మెడ నరాలు తాళ్లలా లేచాయి. ఒకడి చెప్పు తెగి వీధిలోనే ఉండిపోయింది. శరణమ్మ హారతితో గడపలో నిలబడి, భుజాల మీద వస్తున్న తన నెయ్యిని చూసింది.

అప్పగారు దిగి, నడుము ఇటూ అటూ తిప్పి చూసుకుని, నవ్వారు.

"ఇంత సుఖంగ ఏ బండిల రాలేదప్పా. ఒక్క కుదుపు లేదు. కమాను ఎక్కడ చేయిస్తివి?"

"ఇంట్లనే అప్పా. నా చేత్తోని."

ఆ ఏడాది పంపకాలూ పెళ్లి మాటలూ మహాదేవప్ప అరుగు మీదే జరిగాయి. అబద్ధం చెప్పకూడదు, తీర్పులు బాగానే చెప్పాడు. కారును మాత్రం రామచందర్‌ను తాకనివ్వలేదు. అప్పగారు మెచ్చిన కమానును విప్పడమా? దండ వేసి వాకిట్లో నిలబెట్టాడు. ఊరికి పోవాలంటే బస్సెక్కేవాడు.

మరుసటి కార్తీకానికి మఠం నుంచి కబురొచ్చింది. అప్పగారికి మళ్లీ ఆ కారే కావాలట. మహాదేవప్ప మఠం బండిని ఈసారి రైలు గేటు దాకా రమ్మని, కారును ఎడ్లతో అక్కడికి గుంజించి, హమాలీలను పిలిపించాడు. వాళ్లలో పెద్దవాడు శంకరప్ప, వెదురు పక్కన గొంతుక్కూర్చుని బీడీ కాలుస్తూ, చాలాసేపు కారునూ తన భుజాన్నీ మార్చి మార్చి చూసుకున్నాడు.

"పటేలా, ఒక్కటడుగుత. అప్పగారిని ఒక కుర్సీల కూసోబెట్టి మోస్తె మాకు అల్కగుంటది. నలుగురం సాలు. నడుమ ఈ కారెందుకు?"

మహాదేవప్ప అతన్ని చిన్నపిల్లవాణ్ణి చూసినట్టు చూశాడు.

"కారు లేకుంటె అప్పగారు నా ఇంటికి వచ్చినట్టు ఎట్ల అయితదిరా?"

శంకరప్పకు అది అంతుపట్టలేదు. బీడీ నేలకు రాసి, తువ్వాల మడిచి భుజం మీద వేసుకుని వెదురు కిందికి దూరాడు. మిగతావాళ్లూ దూరారు. కారు లేచింది.